ఆటలో గెలుపు అంటే ఏమిటి? – కంప్యూటర్ ఆటల రూపకల్పన అనే విశ్వవిద్యాలయ విద్య

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు అంచున, అరియాంకుప్పం నది బంగాళాఖాతంలో కలిసే చోటికి చేరువలో తేంగాయితిట్టు అనే ప్రాంతం ఉన్నది. పేరు వినగానే తెలుగువారు నొచ్చుకోనవసరం లేదు. తమిళంలో ‘తేంగాయ్’ అంటే కొబ్బరికాయ. నెల్లూరు, రాయలసీమ ప్రాంతాల తెలుగువారి వాడుకలోని ‘టెంకాయ’కు అది తోబుట్టువు. ‘తిట్టు’ అంటే మెరక, దిబ్బ. టెంకాయల దిబ్బ అని పేరుకు అర్థం. ఒక ప్రక్క మడచెట్లు, మరొక ప్రక్క చేపల రేవు, నది వెంబడి మరికొంత లోపలికి పోతే ప్రాచీన కాలంలో రోమను దేశంతో వర్తకం నెరపిన అరికమేడు – ఇదీ ఆ పరిసరాల స్వరూపం.

ఈ రేవుకు చాలకాలంగా ఒక చిక్కు ఉన్నది. నదీముఖంలో ఇసుక మేట వేస్తూ ఉంటుంది. మేట పెరిగినపుడు పడవలు సముద్రంలోకి పోవడమూ, తిరిగి రావడమూ ప్రయాసతో కూడిన పని అవుతుంది. ఇసుకను తవ్వి తీస్తారు. కొంతకాలానికి మళ్ళీ మేట వేస్తుంది. నదీముఖానికి ఇరువైపులా 1980వ దశకం చివరి భాగంలో రాతి అడ్డుకట్టలు నిర్మించారు. తూర్పు తీరాన నైరుతి ఋతుపవన కాలపు అలలు ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవన కాలపు అలలు దక్షిణానికి నెడతాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అడ్డుకట్ట దానిని ఆపినందువల్ల దక్షిణాన ఇసుక చేరింది. ఉత్తరాన ఉన్న పట్టణపు తీరం కోతకు గురైంది. ఒకప్పటి ఇసుక తీరం పోయి చాలకాలం రాతి గుట్టలే మిగిలాయి. జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థ 2018లో నీటి అడుగున కృత్రిమ దిబ్బను నెలకొల్పిన తరువాత కొంత మేరకు ఇసుక తిరిగి చేరింది.

ఒకచోట కట్టిన కట్ట మరొకచోట తీరాన్ని ఎందుకు కోస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానాన్ని పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. పటంలో చూసి గ్రహించవచ్చు. మూడవ మార్గం కూడా ఒకటి ఉన్నది. ప్రశ్న అడిగినవాని చేతికే కట్టను ఇచ్చి, ‘నీవే కట్టి చూడు, ఏమవుతుందో గమనించు’ అనడం ఆ మార్గం. దాని పేరే ఆట. అటువంటి ఆటను కంప్యూటర్ మీద నిర్మించడం ఎలాగో నేర్పే విద్య నేడు ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాలలో పట్టా స్థాయికి చేరుకొన్నది. ఈ విద్య స్వరూపం ఏమిటి, ఇందులో చేరదలచిన విద్యార్థి ఏమి తెలుసుకోవాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

తరతరాల ఆటలు చెప్పే పాఠం

ఆటలు ఆడడం వేరు. ఆటను రూపొందించడం వేరు. ఆడేవాడు నియమాలకు లోబడి నడుచుకొంటాడు. రూపొందించేవాడు ఆ నియమాలను సృష్టిస్తాడు; ఒక్కొక్క నియమం వల్ల మనుష్యులు ఏ విధంగా ప్రవర్తిస్తారో ముందుగా ఊహిస్తాడు. ఈ కళ మన దేశానికి కొత్తది కాదు.

పులి-మేక ఆటనే తీసుకొందాం. తెలుగునాట పులిజూదమనీ, తమిళనాట ఆడుపులి ఆట్టమనీ పిలిచే ఈ ఆటలో సాధారణంగా 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు దూకే శక్తి లేదు. ఇరుపక్షాల బలాలు సమానం కావు. అయినా ఆట సమంగానే నడుస్తుంది. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి, పులికి కదలడానికి చోటు లేకుండా చేసినపుడు గెలుపు వాటిదే. నేపాలులో ఇదే తరహా ఆట 4 పులులు, 20 మేకలతో ‘బాగ్‌చాల్’ అనే పేర వ్యాప్తిలో ఉన్నది. అసమాన బలాల నడుమ సమతూకం సాధించడం ఎలాగన్నది నేటి ఆటల రూపకర్తలు ప్రత్యేకంగా అధ్యయనం చేసే విషయం. దానిని మన పల్లె అరుగుల మీద చెక్కిన గీతలలో పెద్దలు ఏనాడో సాధించారు.

అష్టాచెమ్మా మరొక పాఠం చెబుతుంది. 4 గవ్వలు వేసినపుడు అవి పడగల విధాలు మొత్తం 16. ప్రతి గవ్వా వెల్లకిలా గాని, బోర్లా గాని పడడానికి సమాన అవకాశం ఉన్నదని భావిస్తే, 16 విధాలలో 6 విధాల రెండు, 4 విధాల ఒకటి, 4 విధాల మూడు పడతాయి. చెమ్మా అనే నాలుగు, అష్టా అనే ఎనిమిది ఒక్కొక్క విధంగా మాత్రమే పడతాయి. సగటున ఒక పందేనికి రెండున్నర గళ్ళు అన్నమాట. అష్టా పడినపుడు పిల్లలు కేరింతలు కొట్టడానికి కారణం అది అరుదుగా పడడమే. ఆశను, నిరీక్షణను గణితంతో కొలిచి ఆటలో పొదగడం ఈ విద్యలో తొలి మెట్టు.

వామనగుంటలను తమిళులు పల్లాంగుళి అంటారు. వైకుంఠపాళి సముద్రం దాటి, పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఇంగ్లండులో పాములు-నిచ్చెనల ఆటగా ప్రచారం పొందింది. పచ్చీసు ఆటకు మార్పులు చేసి 1896లో అక్కడే లూడో అనే పేర పేటెంటు తీసుకొన్నారు. భాషలు వేరైనా ఆటలు ఒకటే కావడం, ఒక ప్రాంతపు ఆట మరొక ప్రాంతానికి పోయి అక్కడి బట్ట కట్టుకోవడం ఈ దేశపు సాంస్కృతిక ఏకత్వానికి చక్కని నిదర్శనం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. వైకుంఠపాళిలో గెలుపు అంటే పరమపదం చేరడం. పులి-మేకలో మేకల గెలుపు అంటే కలిసికట్టుగా నిలవడం. ప్రతి ఆటా ‘గెలుపు అంటే ఇది’ అని ఆడేవానికి చెప్పకనే చెబుతుంది. ఆటల రూపకల్పనలో అన్నింటికంటె బరువైన బాధ్యత ఈ నిర్ణయమే.

ప్రయోగశాల నుండి తరగతి గదికి

కంప్యూటర్ ఆటలు అంగడి వస్తువులుగా ప్రసిద్ధి పొందినా, వాటి పుట్టుక మాత్రం విజ్ఞానశాలలలోనే జరిగింది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో భౌతిక శాస్త్రజ్ఞుడు విలియం హిగిన్‌బోథం 1958లో సందర్శకుల కోసం ఒక చిన్న టెన్నిస్ ఆటను అసిలోస్కోపు తెర మీద చూపాడు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు ‘స్పేస్‌వార్’ అనే ఆటను రూపొందించారు. 1971లో ముగ్గురు యువ ఉపాధ్యాయ శిక్షణార్థులు చరిత్ర పాఠం చెప్పడానికి ‘ఆరెగాన్ ట్రయిల్’ అనే ఆటను తయారు చేశారు. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ను విడుదల చేసిన తరువాత ఆటలు పెద్ద వ్యాపారంగా మారాయి.

వ్యాపారం పెరిగే కొద్దీ శిక్షణ పొందినవారి అవసరమూ పెరిగింది. 1988లో స్థాపించిన డిజిపెన్ సంస్థ 1994లో ఆటల ప్రోగ్రామింగులో శిక్షణ ప్రారంభించింది. స్కాట్లండులోని డండీ నగరంలో గల అబర్టే విశ్వవిద్యాలయం 1997లో కంప్యూటర్ ఆటల సాంకేతికతలో పట్టా కోర్సును నెలకొల్పింది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1990వ దశకం చివర ఈ రంగానికై ఒక ప్రత్యేక కేంద్రాన్ని స్థాపించింది. స్థాపకులలో రాండీ పాష్ కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు. డాన్ మారినెల్లి నాటకరంగ ఆచార్యుడు. యంత్రం తెలిసినవాడు, మనిషి మనసు తెలిసినవాడు కలిసి పనిచేస్తేనే ఈ విద్య పరిపూర్ణమవుతుందన్న సత్యానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

ఆటలు వినోదానికే పరిమితం కాలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో ‘ఫోల్డిట్’ అనే ఆట వెలువడింది. మాంసకృత్తుల అణువులు ఏ రీతిగా మడతపడతాయో ఆటగాళ్ళు తెర మీద త్రిప్పి చూస్తూ కనుగొనాలి. శాస్త్రజ్ఞులకు ఏళ్ళ తరబడి కొరుకుడు పడని ఒక వైరస్ ఎంజైము నిర్మాణాన్ని ఛేదించడానికి ఈ ఆటగాళ్ళు తోడ్పడినట్లు 2011లో ప్రకటించారు. వారిలో అధికులు ఆ శాస్త్రంలో పట్టా ఉన్నవారు కారు.

ఏమి చదువుతారు?

ఆటల రూపకల్పనలో ప్రధానంగా మూడు పాయలు ఉన్నాయి. మొదటిది ప్రోగ్రామింగు. సి ప్లస్ ప్లస్, సి షార్ప్ వంటి కంప్యూటర్ భాషలు, దత్తాంశాల అమరిక, త్రిమితీయ చిత్రణకు అవసరమైన సదిశలు, మాత్రికలు, సంభావ్యత, వస్తువుల చలనాన్ని లెక్కించడానికి భౌతిక శాస్త్రం ఇందులో చేరుతాయి. ఆటలోని పాత్ర అడ్డంకులను తప్పించుకొని గమ్యం చేరే దారిని వెదకడానికి వాడే ‘ఏ స్టార్’ పద్ధతిని 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మొదట అది రోబో నడక కోసం పుట్టింది. రెండవ పాయ చిత్రకళ, శబ్దం, యానిమేషన్. మూడవది నియమాల రూపకల్పన: కథ, మనస్తత్వం, సమతూకం, ఆడేవారి ప్రవర్తనను పరిశీలించడం.

ఈ మూడవ పాయను వివరించడానికి 2004లో ముగ్గురు పరిశోధకులు – రాబిన్ హునికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ – ఒక చట్రాన్ని ప్రతిపాదించారు. దాని సారాంశం ఇది: రూపకర్త వ్రాసేది నియమం, నియమం నుండి పుట్టేది నడక, నడక నుండి ఆడేవానికి కలిగేది అనుభూతి. రూపకర్త చేతిలో ఉన్నది మొదటిది ఒక్కటే. ఆడేవానికి ముందుగా అందేది చివరిది. ఈ రెండింటి నడుమ దూరాన్ని గుర్తెరగడమే శిక్షణలో కష్టమైన భాగం.

తేంగాయితిట్టు ఒక పాఠంగా

ఈ మాటలు స్పష్టం కావడానికి ఒక ఉదాహరణను ఊహించుకొందాం. యానాం నుండి ఒక తెలుగు అమ్మాయి, తేంగాయితిట్టు మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక తమిళ అబ్బాయి ఒకే తరగతిలో ఉన్నారనుకొందాం. ఇది విడ్డూరమైన ఊహ కాదు. గోదావరి పాయ ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల యానాం, వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో అంతర్భాగం. తమిళం మాట్లాడే పుదుచ్చేరి, కారైకాల్. తెలుగు మాట్లాడే యానాం. మలయాళం మాట్లాడే మాహే – ఈ నాలుగూ ఫ్రెంచి పాలన ముగిసి 1954లో భారతదేశంతో కలిశాయి. 1962లో ఆ విలీనం చట్టబద్ధమైంది.

రేవు నోటిలో ఇసుక మేటను గురించి ఆట తయారు చేయాలని ఇద్దరూ నిశ్చయించుకొన్నారు. మొదటి పని కంప్యూటర్ ముందు కూర్చోవడం కాదు. రేవు వద్దకు పోవడం. ఏ మాసంలో అల ఎటు నుండి వస్తుంది, పడవకు ఎంత లోతు నీరు కావాలి, తవ్విన ఇసుకను ఎక్కడ పోస్తారు అని అడిగి వ్రాసుకోవాలి. అబ్బాయి ఇంటివారికి ఈ విషయాలు కొట్టిన పిండి. కోరింగ మడ అడవుల పొరుగున పెరిగిన అమ్మాయికి మడచెట్ల వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయన్న సంగతి చిన్ననాటి నుండి తెలుసు.

రెండవ పని కాగితం మీద నమూనా. గళ్ళు గీసిన అట్ట మీద చింతగింజలు ఇసుక, గవ్వలు పడవలు. ఒక్కొక్క వంతు ఒక మాసం. నైరుతి మాసాలలో గింజలు ఉత్తరానికి, ఈశాన్య మాసాలలో దక్షిణానికి జరుగుతాయి. ఆటగానికి కొంత ధనం ఇస్తారు. దానితో కట్ట కట్టవచ్చు, ఇసుక తవ్వించవచ్చు, మడచెట్లు నాటవచ్చు. సముద్రంలోకి పోయి తిరిగి వచ్చిన ప్రతి పడవకూ ఒక మార్కు.

మూడవ పని, తోటివారి చేత ఆడించి చూడడం. అందరూ ఒకటే పని చేశారు: వీలైనంత పొడవైన కట్ట కట్టి, పన్నెండు వంతులలో సునాయాసంగా గెలిచారు. ఆటలో లోపం ఎక్కడ ఉన్నది? ఉత్తర తీరం కోసుకొనిపోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆట ఒక్క ఏడాదికే ముగిసిపోయింది. పైగా తీరం పోయినందుకు మార్కులు తగ్గించే నియమమే లేదు. రూపకర్తలు ఉత్తర తీరపు ఇండ్లను మరచిపోయారు. కనుక ఆటగాళ్ళు కూడా మరచిపోయారు.

నియమం మార్చారు. ఆట ఇరవై ఏళ్ళు సాగుతుంది. ఉత్తరాన కోతకు గురైన ప్రతి గడికీ మార్కులు తగ్గుతాయి. ఇప్పుడు పొడవైన కట్ట కట్టినవాడు మొదట ముందంజ వేసి చివర ఓడిపోతున్నాడు. అసలు కట్టే కట్టనివాని పడవలు నదిలోనే నిలిచిపోతున్నాయి. కట్ట ఒక వైపు ఆపిన ఇసుకను తీసి మరొక వైపు పోయించినవాడు నిలదొక్కుకొంటున్నాడు. వాస్తవంలో తీర రక్షణ నిపుణులు సూచించే మార్గాలలో ఇది కూడా ఒకటి. ఉపన్యాసం అవసరం లేకుండానే ఆటగాడు ఆ నిర్ణయానికి స్వయంగా చేరుకొన్నాడు.

చింతగింజలతో నేర్చిన ఈ పాఠం తరువాతనే ప్రోగ్రామింగు మొదలవుతుంది. గింజల స్థానంలో అంకెలు, గళ్ళ స్థానంలో పట్టికలు, అట్ట స్థానంలో తెర వస్తాయి. కాని ఎవరి నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరి లాభాన్ని గెలుపు అనాలి అన్న ప్రశ్నను ఏ యంత్రమూ పరిష్కరించదు. ఆ విచక్షణ కోసమే ఈ విద్యకు విశ్వవిద్యాలయపు వాతావరణం అవసరం. పనిముట్టు వాడకం ఆరు మాసాలలో నేర్పవచ్చు. విచక్షణకు చరిత్ర, సమాజం, సాహిత్యం, గణితం అన్నీ తోడుపడాలి.

రెండు లిపులు, ఒక తెర

ఆ ఇద్దరు విద్యార్థులకు మరొక అడ్డంకి ఎదురవుతుంది. ఆట పేరును తెర మీద తెలుగులోను, తమిళంలోను చూపాలి. తెలుగులో ‘తేంగాయితిట్టు’ అన్నపుడు చివరి ‘ట్టు’లో టకారానికి క్రింద వత్తు చేరాలి. తమిళంలో అదే పేరు మొదటి అక్షరంలో ఏత్వపు గుర్తు హల్లుకు ఎడమ ప్రక్కన రావాలి. కంప్యూటర్ జ్ఞాపకంలో మాత్రం అది హల్లు తరువాతనే నిలువ ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు, తమిళ లిపులు రెండింటికీ స్థానం లభించింది. అయితే సంకేతాలు ఉన్నంత మాత్రాన అక్షరాలు వాటంతట అవి కుదురుగా కూర్చోవు. వాటిని కలిపి పొందికగా అమర్చే ప్రోగ్రాము వేరుగా ఉండాలి. ఆంగ్ల అక్షరాలను వరుసగా పేర్చడానికి మాత్రమే తయారైన ఆటల పనిముట్లలో తెలుగు వత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తాయి. తమిళ గుర్తులు తప్పు దిక్కున పడతాయి.

ఈ లోపం చిన్నదిగా తోచవచ్చు. కాని తన భాష చీలికలు పేలికలుగా కనిపించిన ఆటను ఏ పల్లె బాలుడూ తనదిగా భావించడు. పరిస్థితి మెరుగుపడుతున్నది. ఉచితంగా లభించే ‘గొడో’ అనే ఆటల ఇంజిను 2023లో వెలువడిన నాలుగవ కూర్పు నుండి ఇటువంటి లిపులను సక్రమంగా అమర్చే ఏర్పాటును కలిగి ఉన్నది. దానిని వాడడానికి రుసుము లేదు. మూల ప్రోగ్రామును ఎవరైనా చదివి సవరించవచ్చు. భారతీయ భాషల లిపి సమస్యల మీద పనిచేయగల విద్యార్థి ఒక్క తెలుగుకే గాక, సంయుక్తాక్షరాలు గల సోదర భాషలన్నింటికీ మేలు చేసినవాడవుతాడు.

మన దేశంలో ఈ విద్య

భారతదేశంలో ఆటల నిర్మాణం పరిశ్రమగా రూపొందడానికి తొలి అడుగులు వేసినవారిలో 1997లో బెంగళూరులో ప్రారంభమైన ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ ఒకటి. 2020లో పూణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ ‘రాజీ’ అనే ఆటను విడుదల చేసింది. మన పురాణ గాథలు, రాజస్థానీ వాస్తు శైలి ఆధారంగా రూపొందిన ఆ ఆట విదేశాలలో సైతం గుర్తింపు పొందింది.

విద్య విషయానికి వస్తే, జాతీయ డిజైన్ సంస్థ తన బెంగళూరు ప్రాంగణంలో డిజిటల్ ఆటల రూపకల్పనను స్నాతకోత్తర స్థాయిలో బోధిస్తున్నది. బొంబాయి ఐఐటీలో 1969లో ప్రారంభమైన డిజైన్ కేంద్రం, హైదరాబాద్ ఐఐటీలోని డిజైన్ విభాగం ఈ రంగానికి సమీపమైన విద్యలను అందిస్తున్నాయి. ఐఐటీలలో డిజైన్ పట్టా కోర్సుకు ‘యూసీడ్’, స్నాతకోత్తర కోర్సుకు ‘సీడ్’ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2022లో యానిమేషన్, దృశ్య ప్రభావాలు, ఆటలు, బొమ్మల కథల రంగాల అభివృద్ధికి ఒక కార్యదళాన్ని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆ దళం నివేదిక సమర్పించింది. 2024 సెప్టెంబరులో ఈ రంగానికి జాతీయ స్థాయి కేంద్రాన్ని నెలకొల్పడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయానుసారం భారత సృజనాత్మక సాంకేతికతల సంస్థ 2025లో ముంబయిలో ప్రారంభమైంది.

పుదుచ్చేరిలోనే ఉండి చదవదలచిన విద్యార్థికి దారి మూసుకొనిపోలేదు. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కాలాపేటలో ఉన్నది. 1984లో స్థాపించిన ఇంజనీరింగు కళాశాల పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఈ రెండింటిలోను కంప్యూటర్ శాస్త్రం బోధిస్తారు. మొదట కంప్యూటర్ శాస్త్రంలో గాని, లలితకళలలో గాని గట్టి పునాది వేసుకొని, ఆపైన ఆటల రూపకల్పనలో ప్రత్యేక విద్యకు పోవడం అనేకులు అనుసరిస్తున్న మార్గం. పునాది విద్య గట్టిగా ఉన్నవాడు ఆటల పరిశ్రమలో ఒడుదొడుకులు వచ్చినపుడు మరొక రంగంలోకి మారగలడు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

‘ఆటలు ఆడడం నేర్చుకోవడానికి కూడా చదువు కావాలా?’ అని తల్లిదండ్రులు ప్రశ్నించడం సహజం. వారి సందేహాన్ని తేలికగా త్రోసివేయరాదు. ఆటల పట్ల ఇష్టం ఒక్కటే ఈ విద్యకు అర్హత కాదు. గంటల తరబడి ఆడే అలవాటు గల కుర్రవానికి తన ప్రోగ్రాములో ఒక్క తప్పును గంటల తరబడి వెదకే ఓపిక ఉండకపోవచ్చు. పరీక్షించుకొనే ఉపాయం సులభమైనదే. వేసవి సెలవులలో ఒక చిన్న ఆటను స్వయంగా తయారుచేసి, పదిమంది చేత ఆడించి, వారు చెప్పిన లోపాలను సవరించి చూడాలి. ఆ సవరించే పనిలో ఆనందం కలిగినవానికి ఈ విద్య తగినది. ఆడడంలోనే ఆనందం ఆగిపోయినవాడు వేరొక విద్యను ఎన్నుకోవడం మేలు.

సంస్థను ఎన్నుకొనేటపుడు ప్రకటనలను చూసి మోసపోరాదు. అది ఇచ్చే పట్టాకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం గుర్తింపు ఉన్నదా, గణితం, కంప్యూటర్ శాస్త్రం నిజంగా బోధిస్తారా లేక ఒక్క పనిముట్టు వాడకమే నేర్పుతారా, గడచిన సంవత్సరాల విద్యార్థులు తయారుచేసిన ఆటలను చూపగలరా – ఈ మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టిన తరువాతనే అప్పు చేయడమో, పొలం తాకట్టు పెట్టడమో ఆలోచించాలి. ఉద్యోగాలిచ్చే వారు పట్టా కాగితంతో పాటు అభ్యర్థి పూర్తిచేసిన ఆటలను తప్పక అడుగుతారు.

ఆటల వల్ల కలిగే కీడును కూడా విస్మరించరాదు. ఆటలు ఆడడం అదుపు తప్పి జీవితాన్ని దెబ్బతీసే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2022 నుండి అది అమలులోకి వచ్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటలపై చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించింది. క్రీడాస్ఫూర్తితో, విద్యాదృష్టితో ఆడే ఆటలను ప్రోత్సహించదగినవిగా వేరుచేసింది. ఆ రెండు రకాల ఆటలకూ మూల శాస్త్రం ఒకటే. అష్టా పడుతుందన్న ఆశను కొలిచే గణితమే పిల్లవానికి కేరింతను ఇవ్వగలదు. అదే గణితం ఒక కూలివాని వారం సంపాదనను గంటలో ఊడ్చివేయగలదు. మొదటిదానిలో ఆటగాని ఆనందాన్ని, రెండవదానిలో ఆటగాని నష్టాన్ని గెలుపుగా లెక్కించారు. భేదం గణితంలో లేదు. లెక్కించిన చేతిలో ఉన్నది.

అందువల్ల, ఈ విద్యను అభ్యసించే యువతీయువకులు ఎవరు, వారు ఏ ఊరి నుండి వచ్చారు, ఏ భాషలో ఆలోచిస్తారు అన్నది జాతికి పట్టని విషయం కాదు. మన పిల్లలు నేడు ఆడుతున్న ఆటలలో అనేకం ఇతర దేశాలలో, ఇతరుల జీవితాలను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. వాటిలో రేవు ఉంటుంది, కాని ఇసుక మేట ఉండదు. అడవి ఉంటుంది, కాని మడచెట్టు ఉండదు. పడవ ఎప్పుడు కదలగలదో తెలిసిన తేంగాయితిట్టు ఇంటి బిడ్డ, బురదను పట్టి ఉంచే వేరును ఎరిగిన యానాం బిడ్డ ఒకే బల్ల ముందు కూర్చొని నియమాలు వ్రాసిన నాడు, ఉత్తర తీరపు ఇండ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ బల్ల వరకు వారిని చేర్చగల గణితాన్ని, భాషను, ధైర్యాన్ని అందించవలసిన బాధ్యత పాఠశాలలది, కళాశాలలది.